కొత్త రూటర్ పెడితే నెట్ వస్తలేదు, మ్యాక్ అడ్రస్ మార్చమంటున్నారు. మార్చొచ్చా?

డీటీపీ అన్న, హనుమకొండ | మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. నాది నయీంనగర్‌లో చిన్న డీటీపీ, జిరాక్స్ సెంటర్. నిన్న సాయంత్రం హై వోల్టేజీ వచ్చి రూటర్ కాలిపోయింది. అడాప్టర్ వాసన ఇంకా షాపులోనే ఉంది. ఈ రోజు పొద్దున కొత్త రూటర్ తెచ్చి పెట్టాను. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పాతవే వేశాను. లైట్లన్నీ వెలుగుతున్నాయి గానీ నెట్ మాత్రం లేదు. రూటర్ పేజీలో పాస్‌వర్డ్ తప్పు అని వస్తోంది. పదిసార్లు కొట్టాను, పదకొండోసారి మా ఆవిడతో కొట్టించాను. అదే మాట.

మా లోకల్ నెట్ ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే "నీ లైన్‌కు పాత రూటర్ మ్యాక్ అడ్రస్ కట్టేసి ఉంది, మా పిల్లగాడు వచ్చి మారుస్తాడు" అన్నాడు. ఆ పిల్లగాడేమో కుటుంబంతో మేడారం జాతరకు పోయాడు. ఫోన్ కలవదు. ఆదివారం దాకా రాడట. ఇక్కడ చూస్తే ఒక ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టడానికి శుక్రవారం ఆఖరు తేదీ, పిల్లలు లైన్ కట్టి ఉన్నారు. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొస్తున్నాను, ఒక్కో ఫొటో అప్‌లోడ్ అయ్యేసరికి చాయ్ చల్లారిపోతోంది.

పక్క షాపాయన "మ్యాక్ మార్చుకో, అయిపోతది" అంటున్నాడు. అది చేయొచ్చా? తప్పేమన్నా అవుతుందా? టెన్షన్‌గా ఉంది.

కాజీపేట జంక్షన్ | మంగళవారం రాత్రి 10:05

అన్నా, పాస్‌వర్డ్ తప్పు కాదు. ఆపరేటర్ సర్వర్ మూడు చూస్తుంది: పేరు, పాస్‌వర్డ్, ఏ పెట్టె నుంచి అడుగుతున్నారు అన్నది. మూడోది కలవకపోయినా తిరిగి చెప్పేది మాత్రం పాస్‌వర్డ్ తప్పనే. అందుకే మనిషి తన వేళ్లనే అనుమానిస్తాడు.

మ్యాక్ అంటే నెట్‌వర్క్ కార్డుకు ఫ్యాక్టరీలో పెట్టే నంబరు. 48 బిట్లు, మనకు కనిపించేది 12 అక్షరాలు, రెండేసి చొప్పున ఆరు జతలు. మొదటి మూడు జతలు కంపెనీవి, వాటిని ఐఈఈఈ అనే సంస్థ పంచుతుంది. మిగతా మూడు జతలు కంపెనీ తన లెక్క ప్రకారం వేసుకుంటుంది. చిప్‌లో ఉన్న అసలు నంబరు అలాగే ఉంటుంది. మనం మార్చేది "నన్ను ఈ నంబరుతో పిలవండి" అని సాఫ్ట్‌వేర్ బయటికి చెప్పే మాటను. రీసెట్ కొడితే పాతది తిరిగి వస్తుంది. కాబట్టి రూటర్ ఏమీ పాడవదు.

నీ రూటర్ పేజీలో నెట్‌వర్క్ సెట్టింగులలో మ్యాక్ క్లోన్ అని ఉంటుంది. రూటర్ కంపెనీలు ఈ అవసరం కోసమే పెట్టిన బటన్ అది, దొంగ పని కాదు. కానీ ముందు ఆపరేటర్‌కు ఒక మాట చెప్పు. లైన్ ఆయనది, నీ పేరు మీద ఉన్నది, పాత నంబరు కూడా నీదే. ఆయన సరే అంటే అడ్డేం లేదు.

మిర్చి యార్డ్ | మంగళవారం రాత్రి 10:20

చెప్పడం ఎందుకన్నా? వాళ్లు నాలుగు రోజులు ఆపితే లేదు గానీ మనం ఒక నంబరు కొడితే పర్మిషన్ కావాలా?

కాజీపేట జంక్షన్ | మంగళవారం రాత్రి 10:24

కావాలని కాదు. రేపు ఆయన అటు నుంచి కొత్త నంబరు ఎక్కించి, ఇటు నువ్వు పాతది పెట్టి ఉంటే మళ్లీ ఇదే లొల్లి. ఇద్దరికీ ఒకటే తెలిసి ఉంటే మంచిది.

డీటీపీ అన్న, హనుమకొండ | బుధవారం ఉదయం 8:15

ఓనర్‌కు ఫోన్ చేశాను. "పాతది వేసుకుంటే వేసుకో, నాకేం ఇబ్బంది లేదు, ఆ సాఫ్ట్‌వేర్ నాకు రాదు" అన్నాడు. ఒక టెన్షన్ పోయింది.

మ్యాక్ క్లోన్ పేజీ దొరికింది. అందులో "ఈ కంప్యూటర్ మ్యాక్ కాపీ చేయి" అని బటన్ ఉంటే నొక్కాను. ఏదో నంబరు పడింది. సేవ్ చేశాను. అయినా రాలేదు. పాత రూటర్ అడుగున స్టిక్కర్ ఫొటో పెడుతున్నాను, ఇందులో ఏది వేయాలో చెప్పండి.

[ఫొటో తొలగించబడింది]

మోడరేటర్ | బుధవారం ఉదయం 8:31

ఫొటో నేనే తీసేశాను, ఏమనుకోకండి. ఆ స్టిక్కర్ మీద మ్యాక్, సీరియల్ నంబరు, వై-ఫై పాస్‌వర్డ్ మూడూ కనిపిస్తున్నాయి. చాలామంది ఆ పాస్‌వర్డ్ మార్చరు. పైగా వై-ఫై రూటర్ల మ్యాక్ నంబర్లను గూగుల్, ఆపిల్ లాంటి కంపెనీలు లొకేషన్ కోసం మ్యాపులో గుర్తు పెట్టుకుంటాయి. జీపీఎస్ సరిగా అందని చోట కూడా ఫోన్ మనం ఏ గల్లీలో ఉన్నామో చెప్పేది చాలావరకు అందుకే. అంటే ఆ నంబరు బయట పెడితే ఇంటి అడ్రస్ పెట్టినట్టే. ఎవరు అడిగినా చివరి రెండు అక్షరాలే రాయండి, అవి చాలు.

కాజీపేట జంక్షన్ | బుధవారం ఉదయం 8:50

నువ్వు నొక్కిన బటన్ నీ షాపు కంప్యూటర్ నంబరును రూటర్‌కు ఎక్కించింది. ఒకప్పుడు కేబుల్ నేరుగా కంప్యూటర్‌కు పెట్టుకునే రోజుల్లో, తర్వాత రూటర్ కొన్నవాళ్ల కోసం ఆ బటన్. ఆపరేటర్ దగ్గర ఉన్నది కంప్యూటర్ నంబరు అయితే ఒక్క నొక్కుతో అయిపోయేది. నీ కేసు వేరు. దాని కింద నంబరు చేత్తో రాసుకునే గడి ఉంటుంది, అందులో పాత రూటర్ నంబరు వేయాలి.

స్టిక్కర్ మీద చివరి జత ఏముంది?

డీటీపీ అన్న, హనుమకొండ | బుధవారం ఉదయం 9:10

9ఎఫ్. అది వేసి చూశాను కూడా. రాలేదు.

కాజీపేట జంక్షన్ | బుధవారం ఉదయం 9:22

ఇక్కడే అందరూ ఆగిపోతారు. రూటర్‌కు ఒక్క మ్యాక్ ఉండదు. లోపలి వైపు ఒకటి, అంటే నీ కంప్యూటర్లకు కనిపించేది. బయటి వైపు ఇంకొకటి, అంటే ఆపరేటర్‌కు కనిపించేది. వై-ఫైకి మళ్లీ వేరే. స్టిక్కర్ మీద సాధారణంగా వేసేది లోపలిది. చాలా మోడళ్లలో బయటిది దానికంటే ఒకటి ఎక్కువ ఉంటుంది. ఆపరేటర్ దగ్గర రాసి ఉన్నది ఆ ఒకటి ఎక్కువ ఉన్నదే. ఒకటి కలిపి వెయ్యి.

డీటీపీ అన్న, హనుమకొండ | బుధవారం ఉదయం 9:41

9ఎఫ్‌కు ఒకటి కలిపితే 10ఎఫ్ అవుతుందా? రూటర్ ఒప్పుకోవట్లేదు, ఎర్రగా గీత పెడుతోంది.

ల్యాబ్ సార్, జగిత్యాల | బుధవారం ఉదయం 9:55

అన్నా, బండి మీటర్ గుర్తు తెచ్చుకో. 9 నిండితే 0 అయి పక్క అంకె ఒకటి జరుగుతుంది. ఇక్కడ 9తో ఆగదు, 9 తర్వాత ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ దాకా పోతుంది. ఎఫ్ నిండిన తర్వాత 0. కాబట్టి 9ఎఫ్‌లో ఎఫ్ తిరిగి 0 అయింది. పక్కనున్న 9 ఒకటి జరగాలి. 9 తర్వాత ఏ. అంటే ఏ0. మా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఇక్కడే తప్పు చేస్తారు, నువ్వేం చిన్నబుచ్చుకోకు.

ఇంకో మాట. నంబరు వేశాక గోడకున్న ఆపరేటర్ పెట్టె పవర్ తీసి ఒక ఐదు నిమిషాలు ఆగి పెట్టు. అవతలి మెషీన్ ఇందాకటి నంబరును కొంతసేపు పట్టుకుని కూర్చుంటుంది. ఓపిక లేక వెంటనే పెట్టి "రాలేదు" అనేవాళ్లు ఎక్కువ.

డీటీపీ అన్న, హనుమకొండ | బుధవారం ఉదయం 10:32

వచ్చింది!!! ఏ0 వేశాను. పెట్టె ఆపి చాయ్ తాగి వచ్చి పెట్టాను. మీ అందరికీ దండాలు. లైన్‌లో ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు.

హాస్టల్ 312 | బుధవారం మధ్యాహ్నం 1:15

ఇదే టాపిక్ కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. మా హాస్టల్‌లో ఒక్కొక్కరికి రెండు డివైస్‌లు మాత్రమే రిజిస్టర్ చేస్తారు, మ్యాక్ రాయించుకుని. నాకు ఫోన్, పాత ల్యాప్‌టాప్ ఉన్నాయి. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్ కొన్నా. పాతది తీసేసి కొత్తది ఎక్కించమంటే ఫారం, వార్డెన్ సంతకం, వారం పది రోజులు అంటున్నారు. నా రూమ్‌మేట్ ల్యాప్‌టాప్ మ్యాక్ నా దాంట్లో వేసుకుంటే పనవుతుందా? వాడు సరే అన్నాడు.

గోదావరిఖని బొగ్గు | బుధవారం మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, వాడు ఊరికి పోయినప్పుడు పనవుతుంది. వాడు రూమ్‌లో ల్యాప్‌టాప్ తెరిచిన క్షణం నుంచి ఇద్దరికీ నరకం. స్విచ్, అంటే నెట్ తీగలన్నీ కలిసే పెట్టె, దాని దగ్గర ఒక పుస్తకం ఉంటుంది అనుకో, ఏ నంబరు ఏ తీగ మీద ఉందో రాసుకుంటుంది. నీ నుంచి ఒక మాట వస్తే నీ తీగ పేరు రాస్తుంది, వాడి నుంచి వస్తే అది కొట్టేసి వాడి తీగ రాస్తుంది. సెకనుకు ఎన్నిసార్లు రాసి కొట్టేస్తుందో లెక్క ఉండదు. నీకు రావాల్సిన పేజీ సగం వాడికి పోతుంది, వాడి సినిమా సగం నీకు వస్తుంది, ఎవరికీ ఏదీ పూర్తిగా రాదు. పెద్ద నెట్‌వర్క్‌లలో ఇలా జరిగితే అడ్మిన్ స్క్రీన్ మీద హెచ్చరిక కూడా పడుతుంది. దొరికిపోవడానికి అంతకంటే మంచి దారి లేదు.

నీ దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉంది కదా. దాన్ని మూసి పెట్టి, దాని మ్యాక్‌నే కొత్తదానికి వేసుకో. రెండూ నీవే.

ల్యాబ్ సార్, జగిత్యాల | బుధవారం మధ్యాహ్నం 2:05

బొగ్గు గారూ, ఆ ఆఖరి సలహా ఒప్పుకోలేను. పిల్లవాడి హాస్టల్ రూల్స్‌లో మ్యాక్ మార్చకూడదు అని రాసి ఉండొచ్చు. చాలా కాలేజీల ఐటీ నిబంధనల్లో ఆ లైను ఉంటుంది. ఫారం నింపి, నెట్ పని చూసే సార్‌ను ఒకసారి నేరుగా కలువు బాబూ. కాగితం వారం తిరిగేది, మనిషి ఎదురుగా నిలబడితే అరగంటలో అయిపోతుంది. నేను ఆ కుర్చీలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా.

రూమ్‌మేట్ మ్యాక్ మాట మాత్రం పూర్తిగా మర్చిపో. నువ్వు ఏం చేసినా లాగ్‌లో వాడి పేరు పడుతుంది, వాడు ఏం చేసినా నీకు తెలియదు. వేరే మనిషి గుర్తింపును మోసంగా వాడుకుంటే ఐటీ చట్టంలో 66సీ సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. హాస్టల్ వై-ఫైకి ఎవరూ అంత దూరం పోరు, తెలుసు. కానీ ఎవరో ఆ నంబరు మీద ఏదో చెత్త పని చేస్తే అప్పుడు వెతికేది ఆ పేరునే.

హాస్టల్ 312 | బుధవారం మధ్యాహ్నం 2:20

ఒక్క నంబరు మారిస్తే జైలా సార్, మరీ!

కాజీపేట జంక్షన్ | బుధవారం సాయంత్రం 6:10

నంబరు మారిస్తే కాదు, దాంతో ఏం చేశావన్నదే లెక్క. ఆరన్ స్వార్ట్జ్ పేరు విన్నావా? 2010 చివర్లో అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ నెట్‌వర్క్ నుంచి జేస్టోర్ అనే లైబ్రరీలోని పరిశోధన వ్యాసాలు లక్షల్లో దించుకున్నాడు. వాళ్లు ముందు అతని ఐపీ, అంటే నెట్‌లో అతని కంప్యూటర్ అడ్రస్, ఆపారు, కొత్త ఐపీ తెచ్చుకున్నాడు. తర్వాత మ్యాక్ ఆపారు. మ్యాక్‌లో చివరి అక్షరం ఒకటి జరిపాడు, మన డీటీపీ అన్న జరిపినట్టే. 2011 జనవరిలో అరెస్టు చేశారు, జూలైలో ఫెడరల్ కేసు పెట్టారు. ఛార్జిషీటులో ఆ మ్యాక్ మార్చిన సంగతి కూడా రాశారు, ఆపినా దొంగదారిన వచ్చాడనడానికి రుజువుగా. కేసు నడుస్తుండగానే 2013 జనవరిలో ప్రాణం తీసుకున్నాడు. 26 ఏళ్లు. ఆ కేసు అంత గట్టిగా పెట్టడం న్యాయమా అని ఇప్పటికీ జనం కొట్టుకుంటారు, నాకూ అది అన్యాయమే అనిపిస్తుంది. కానీ చూడు, అదే బటన్. ఒకరి చేతిలో షాపు నడిపింది, ఒకరి మీద కాగితం అయింది.

మిర్చి యార్డ్ | బుధవారం రాత్రి 8:45

నా అనుభవం కూడా రాస్తాను, తిట్టకండి. మాది ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం. లెక్కల సాఫ్ట్‌వేర్ ఒకటి డబ్బు పెట్టి కొన్నాం, అది ఆ కంప్యూటర్ ల్యాన్ కార్డు (నెట్ కేబుల్ పెట్టేది) మ్యాక్‌కు లాక్ అయి ఉంటుంది. సరిగ్గా మిర్చి సీజన్‌లో, యార్డ్ నిండా బస్తాలు ఉన్నప్పుడు, మదర్‌బోర్డు పోయింది. కొత్త బోర్డు వేయిస్తే సాఫ్ట్‌వేర్ "మీ లైసెన్స్ చెల్లదు" అంది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే మళ్లీ డబ్బు కట్టమన్నారు. రిపేర్ చేసే పిల్లగాడు పాత బిల్లులో రాసి ఉన్న మ్యాక్ చూసి కొత్త బోర్డుకు అదే వేశాడు. నడిచింది. ఒకే కంప్యూటర్, ఒకే లైసెన్స్. నేను తప్పు చేశానని అనుకోను.

ల్యాబ్ సార్, జగిత్యాల | బుధవారం రాత్రి 9:00

తప్పు చేశారని నేనూ అనను, కానీ లైసెన్స్ కాగితంలో ఏం రాసి ఉందో ఒకసారి చదవండి. పాత బోర్డు బాగుచేయించి రెండో కంప్యూటర్‌లో కూడా నడిపితే మాత్రం అది దొంగతనమే.

మిర్చి యార్డ్ | బుధవారం రాత్రి 9:04

పాత బోర్డు మా పిల్లాడి సైన్స్ ప్రాజెక్టులో అట్ట మీద అతికించి ఉంది సార్.

కరీంనగర్ టీచర్ | గురువారం ఉదయం 6:50

నా సమస్య ఉల్టా. మ్యాక్ మారకూడదు, కానీ మారిపోతోంది. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. రాత్రి పది తర్వాత వాడి ఫోన్‌కు నెట్ రాకుండా రూటర్‌లో వాడి మ్యాక్ బ్లాక్ చేశాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు రాత్రి పన్నెండింటికి దుప్పటి కింద వెలుగు. రూటర్‌లో చూస్తే వాడి ఫోన్ బ్లాక్ లిస్టులోనే ఉంది, కొత్తగా పేరు లేని డివైస్ ఒకటి కనిపిస్తోంది. పక్కింటివాళ్లు వాడుతున్నారేమో అని వాళ్లను అడిగాను కూడా, పరువు పోయింది.

గోదావరిఖని బొగ్గు | గురువారం ఉదయం 7:30

పక్కింటివాళ్లకు సారీ చెప్పండి మేడం. ఆ పేరు లేని డివైస్ మీ వాడే.

2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో ఐఫోన్లకు వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు ప్రతి వై-ఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తాయి. మీ ఇంట్లో ఒకటి, బస్టాండ్‌లో ఇంకొకటి. వై-ఫై పేరు మీద నొక్కి, ప్రైవసీ దగ్గరికి పోయి "అసలు మ్యాక్ వాడు" అని మారిస్తే ఇంట్లోనే ఫోన్‌కు రెండో నంబరు వచ్చేస్తుంది. మీరు బ్లాక్ చేసింది మొదటిదాన్ని. వాడు ఆ ఒక్క బటన్ జరిపాడు.

అది కూడా బ్లాక్ చేసినా డెవలపర్ ఆప్షన్లలో మాటిమాటికీ మార్చే సెట్టింగ్ ఇంకోటి దొరుకుతుంది కొన్ని ఫోన్లలో. కాబట్టి ఫలానా వాళ్లు రావొద్దు అనే లిస్టు పనికిరాదు. ఫలానా వాళ్లే రావాలి అనే లిస్టు పెట్టండి. మీ ఫోన్, సార్ ఫోన్, టీవీ. మిగతావాటికి రాదు. అందరి ఫోన్లలో మీ ఇంటి వై-ఫైకి మాత్రం అసలు మ్యాక్ వాడమని పెట్టాలి, లేకపోతే మీరే బయట నిలబడతారు.

కరీంనగర్ టీచర్ | గురువారం ఉదయం 7:48

చేస్తాను. కానీ ఫోన్లకు అసలు ఈ దొంగ నంబర్లెందుకు? కంపెనీలే పిల్లలకు నేర్పిస్తున్నాయా?

కాజీపేట జంక్షన్ | గురువారం ఉదయం 9:15

దాని వెనక మంచి కారణమే ఉంది మేడం. వై-ఫై ఆన్‌లో ఉన్న ఫోన్ జేబులో ఉండగానే "నాకు తెలిసిన వై-ఫై ఏమన్నా ఉందా" అని అరుస్తూ పోతుంది. ఆ అరుపులో పాత ఫోన్లు అసలు మ్యాక్ చెప్పేసేవి. వినే పెట్టె ఒకటి గోడకు పెట్టుకుంటే చాలు, ఈ ఫోన్ పొద్దున ఎనిమిదికి వచ్చింది, సాయంత్రం ఆరుకు మళ్లీ వచ్చింది, చెప్పుల షాపు ముందు ఎంతసేపు నిలబడింది అని మొత్తం తెలుస్తుంది. 2013లో లండన్‌లో రోడ్డు పక్క చెత్తబుట్టలకు ఇలాంటి పెట్టెలు పెట్టారు. అవును, చెత్తబుట్టలకే. గొడవ అయ్యేసరికి ఆగస్టులో అక్కడి నగర పాలక సంస్థ ఆపించింది. మరుసటి ఏడాది ఐఓఎస్ 8 నుంచి ఆపిల్ ఆ అరుపులో ఉత్తుత్తి నంబరు పెట్టడం మొదలుపెట్టింది. కంప్యూటర్లో కూడా ఉంది ఇది, విండోస్ 10 నుంచి వై-ఫై సెట్టింగులలో "ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్" అని. బయట వై-ఫైలు ఎక్కువ వాడేవాళ్లు ఆన్ చేసుకోవడం మంచిది.

హాస్టల్ 312 | గురువారం ఉదయం 9:30

అయితే మ్యాక్ మారిస్తే వెబ్‌సైట్లు కూడా మనల్ని గుర్తుపట్టవా?

కాజీపేట జంక్షన్ | గురువారం ఉదయం 9:52

దానికి దీనికి సంబంధం లేదు. పరకాల నుంచి ఆదిలాబాద్‌కు ఆర్టీసీ కార్గోలో డబ్బా వేశావనుకో. పరకాల నుంచి హనుమకొండకు ఒక బస్సు, అక్కడి నుంచి కరీంనగర్‌కు ఇంకో బస్సు, అట్లా మారుకుంటూ పోతుంది. డబ్బా మీద రాసిన ఆదిలాబాద్ అడ్రస్ మారదు, అది ఐపీ. మోసే బస్సు నంబరు ప్రతి డిపోలో మారుతుంది, అది మ్యాక్. ఆదిలాబాద్‌లో డబ్బా తీసుకునేవాడికి పరకాల బస్సు నంబరు తెలుస్తుందా? అట్లాగే నీ మ్యాక్ మొదటి రూటర్ దాటి పోదు. ఐపీవీ6 అనే కొత్త రకం ఐపీ అడ్రస్‌ను పాత పద్ధతిలో తయారుచేస్తే అందులో మ్యాక్ ఇమిడి ఉండేది, అదొక్కటే మినహాయింపు. ఇప్పటి సిస్టమ్‌లు మామూలుగా అలా చేయవు.

రైల్వే స్టేషన్ ఫ్రీ వై-ఫైలో అరగంట అయిపోయాక మ్యాక్ మారిస్తే మళ్లీ అరగంట వస్తుందా అని మా వాళ్లు అడుగుతారు. అక్కడ లెక్క ఓటీపీ వచ్చిన ఫోన్ నంబరు మీద. ఊరికే టైమ్ వేస్టు.

అట్లాగే ఐఎంఈఐని, అంటే ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు నంబరును, దీనితో కలపకండి. మ్యాక్ మార్చడానికి కంపెనీలే బటన్ ఇస్తాయి. ఐఎంఈఐ మార్చడం మన దేశంలో నేరం, దానికి 2017లో ప్రత్యేకంగా రూల్స్ తెచ్చారు.

డీటీపీ అన్న, హనుమకొండ | గురువారం సాయంత్రం 7:20

మళ్లీ నేనే. సంబరం ఒక్క రోజే. ఆ హై వోల్టేజీకి రెండు కంప్యూటర్ల ల్యాన్ పోర్టులు కూడా పోయాయని ఈ రోజు తెలిసింది. మార్కెట్లో చవకగా దొరికే యూఎస్‌బీ ల్యాన్ ముక్కలు రెండు తెచ్చి పెట్టాను. ఒకటి పెడితే బ్రహ్మాండం. రెండోది కూడా పెడితే రెండూ ఆగి ఆగి వస్తున్నాయి. ఒక సిస్టమ్ ఆపితే రెండోది మళ్లీ బాగుంటుంది. రేపే ఆఖరు తేదీ. పరేషాన్ అవుతున్నా.

ల్యాబ్ సార్, జగిత్యాల | గురువారం సాయంత్రం 7:34

అన్నా ఆగు, ఏమీ పీకకు. రెండు సిస్టమ్‌లలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి గెట్‌మ్యాక్ అని కొట్టు. రెండింటి నంబర్లు పక్కపక్కన కాగితం మీద రాసుకో. పూర్తి నంబరు ఇక్కడ పెట్టకు.

డీటీపీ అన్న, హనుమకొండ | గురువారం సాయంత్రం 7:46

సార్! రెండూ ఒక్కటే! పన్నెండు అక్షరాలూ అవే. ఇది ఎలా సాధ్యం? ప్రపంచంలో ఒక్కొక్కదానికి ఒక్కోటి అన్నారు కదా.

ల్యాబ్ సార్, జగిత్యాల | గురువారం రాత్రి 8:15

అనుకున్నా. మా స్కూల్ ల్యాబ్‌లో ఇదే నన్ను మూడు రోజులు ఏడిపించింది. ఆరు ముక్కలు కొన్నాం, అన్నీ ఒకే డబ్బాలో వచ్చాయి. పిల్లలు పీరియడ్‌కు వస్తే ఒకరికి నెట్ ఉంటే ఐదుగురికి ఉండదు. కేబుళ్లు మార్చాను, స్విచ్ మార్చాను, చివరికి కరెంటు వైరింగ్ మీద కూడా అనుమానపడ్డాను. నాలుగో రోజు అటెండర్ వచ్చి "సార్, అన్నింటి వెనక ఒకే నంబరు రాసి ఉందేంది" అన్నాడు. నేను చూడలేదు, ఆయన చూశాడు. చవక ముక్కలు చేసేవాళ్లు ఒక్కోదానికి వేరే నంబరు ఎక్కించే ఖర్చు మిగుల్చుకుని అన్నింటికీ ఒకటే కొట్టేస్తారు. నిన్న బొగ్గు గారు హాస్టల్ తమ్ముడికి చెప్పిన స్విచ్ పుస్తకం కథే ఇది, ఇక్కడ నువ్వు కావాలని చేయలేదు అంతే.

ఇప్పుడు రెండో సిస్టమ్‌లో మాత్రం మార్చు. డివైస్ మేనేజర్ తెరువు, నెట్‌వర్క్ అడాప్టర్ల కింద ఆ ముక్క పేరు మీద రెండుసార్లు నొక్కు, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో "నెట్‌వర్క్ అడ్రస్" అని ఉంటుంది. కొన్నింటిలో "లోకల్లీ అడ్మినిస్టర్డ్ అడ్రస్" అని ఉంటుంది. అందులో పన్నెండు అక్షరాలు, మధ్యలో చుక్కలు గీతలు లేకుండా వెయ్యాలి.

ఏం వెయ్యాలి అంటే, మొదటి జత 02 పెట్టు, మిగతావి నీ ఇష్టం. 02 ఊరికే చెప్పట్లేదు. రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఏదో ఒకటి అయితే "ఇది కంపెనీ ఇచ్చింది కాదు, మేమే పెట్టుకున్నది" అని గుర్తు. అప్పుడు ఏ కంపెనీ నంబరుతోనూ పొరపాటున కలవదు. రెండో అక్షరం 1, 3 లాంటి బేసి అయితే అది గుంపుకు వేసే అడ్రస్ అవుతుంది, ఒక్క మెషీన్‌కు పనికిరాదు. వై-ఫై కార్డులకైతే విండోస్ ఈ నాలుగు అక్షరాలు తప్ప వేరేవి అసలు తీసుకోదు.

అయ్యాక ముక్క మీద తెల్ల కాగితం అతికించి పెన్నుతో ఏ సిస్టమ్‌దో రాయి. ఆ మార్పు ఉండేది ముక్కలో కాదు, ఆ సిస్టమ్ విండోస్‌లో. ముక్కను వేరే కంప్యూటర్‌కు పెట్టినా, విండోస్ మళ్లీ వేసినా పాత నంబరే బయటికి వస్తుంది. మా దగ్గర ఎండాకాలం సెలవుల్లో ఎవరో ముక్కలు అటూఇటూ మార్చి పెట్టారు, జూన్‌లో మళ్లీ మొదటికొచ్చింది కథ.

గోదావరిఖని బొగ్గు | గురువారం రాత్రి 8:40

లినక్స్ వాడేవాళ్లకు: ఐపీ లింక్ సెట్ కమాండ్‌తో ముందు కార్డును డౌన్ చేసి, అడ్రస్ వేసి, మళ్లీ అప్ చేయాలి. రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఎప్పటికీ ఉండాలంటే నెట్‌వర్క్ మేనేజర్‌లో ఆ కనెక్షన్‌కు "క్లోన్డ్ మ్యాక్ అడ్రస్" గడిలో రాసుకోండి.

డీటీపీ అన్న, హనుమకొండ | శుక్రవారం రాత్రి 11:30

02తో వేశాను సార్, రెండు సిస్టమ్‌లూ పొద్దున్నుంచి ఆగకుండా నడిచాయి. ఆఖరి అప్లికేషన్ రాత్రి 11:10కి పోయింది. ఆ అమ్మాయి పర్వతగిరి నుంచి తండ్రి బండి మీద వచ్చింది, ప్రింట్ చేతికొచ్చేదాకా కూర్చోలేదు. జిరాక్స్ డబ్బు తీసుకోలేదు నేను.

హాస్టల్ 312 | శనివారం ఉదయం 11:20

ల్యాబ్ సార్, మీరు చెప్పినట్టు నెట్ సార్‌ను నేరుగా కలిశా. పాత ల్యాప్‌టాప్ చూపించమన్నాడు, అక్కడే తీసేసి కొత్తది ఎక్కించాడు. ఫారం తర్వాత ఇవ్వమన్నాడు. అరగంట కూడా పట్టలేదు.

కరీంనగర్ టీచర్ | శనివారం ఉదయం 11:45

మా ఇంట్లో కూడా లిస్టు పెట్టాను. నిన్న రాత్రి పదిన్నరకు మా వాడు వచ్చి "అమ్మా, నెట్ పోయిందా" అని అమాయకంగా అడిగాడు. పోయింది నాన్నా, పడుకో అన్నాను.

డీటీపీ అన్న, హనుమకొండ | ఆదివారం సాయంత్రం 5:05

ఆపరేటర్ పిల్లగాడు మేడారం నుంచి వచ్చాడు. గద్దెల దగ్గర తెచ్చిన బెల్లం ప్రసాదం పెట్టాడు. క్లోన్ తీసేసి కొత్త రూటర్ అసలు నంబరు వాళ్ల సర్వర్‌లో ఎక్కించాడు. ఐదు నిమిషాలు నెట్ పోయి మళ్లీ వచ్చింది.

ఒక చివరి డౌట్. కాలిపోయిన రూటర్ స్క్రాప్ వాళ్లకు వేయొచ్చా?

మోడరేటర్ | ఆదివారం సాయంత్రం 5:30

వేయండి. స్టిక్కర్ చించేసి వేయండి.

డీటీపీ అన్న, హనుమకొండ | ఆదివారం సాయంత్రం 5:52

గోరుతో రావట్లేదు. వేడి ఇస్త్రీపెట్టె పెట్టి తీస్తున్నా.

ల్యాబ్ సార్, జగిత్యాల | ఆదివారం సాయంత్రం 5:58

అన్నా, నల్ల స్కెచ్ పెన్నుతో గీకేస్తే సరిపోతుంది. ఇస్త్రీపెట్టె మా చెల్లెమ్మకు తిరిగి ఇచ్చెయ్యి.